గంపకు లేని లెక్క

ఏటా ఏప్రిల్ 15 రాగానే విశాఖపట్నం చేపల రేవులో మర బోట్లు ఒకదాని పక్కన ఒకటి లంగరు వేసుకుంటాయి. జూన్ 14 వరకు, అంటే 61 రోజుల పాటు, తూర్పు తీరంలో మోటారున్న ఏ పడవా వేటకు వెళ్ళకూడదు. మోటారు లేని తెప్పలకు మాత్రం మినహాయింపు ఉంది. 2015కు ముందు ఈ గడువు 47 రోజులే. చేపలు గుడ్లు పెట్టే కాలంలో సముద్రాన్ని కొంత వదిలిపెట్టాలన్న ఈ నిషేధాన్ని నేను తప్పుపట్టను. వేటకు వెళ్ళే వారిలోనూ దీని అవసరం తెలిసిన వారే ఎక్కువ.

నా సందేహమల్లా నష్టాన్ని లెక్కకట్టే తీరు గురించే. నిషేధ కాలపు భృతిని రాష్ట్ర ప్రభుత్వం 2019లో 10,000 రూపాయలు, 2025లో 20,000 రూపాయలు చేసింది. అది పడవ మీద పనిచేసే మత్స్యకారుడి పేరున వస్తుంది. తెల్లవారుజామున రేవులో వేలం పాట పాడి సరుకు కొని, గంపకెత్తుకుని వీధివీధీ తిరిగి అమ్మే ఆడవారూ, నెత్తళ్ళూ కవళ్ళూ ఇసుకలో ఎండబెట్టి సంతకు తీసుకెళ్ళే ఆడవారూ ఏ పడవ పట్టికలోనూ ఉండరు. ఇంట్లో మగవాడు బోటు మీదికి వెళ్ళేవాడైతే ఆ డబ్బు ఆ ఇంటికి చేరుతుంది; భర్త లేని ఆమెకు, భర్త వేరే పని చేసుకునే ఆమెకు అదీ లేదు. మా వీధికి చాలా ఏళ్ళుగా చేపలు తెచ్చే ఆవిడను మొన్న వేసవిలో ఈ సంగతి అడిగితే, గంప దించకుండానే, "ఏట నేకపోతే గంపా నేనట్టే గదా బాబూ, మరి గంపకేటిస్తారు?" అంది. ఆ రెండు నెలలూ ఆవిడ వ్యాపారి దగ్గర అరువుకు చెరువు చేపలు తెచ్చి అమ్ముతుంది. వాటిని చూసి మొహం తిప్పుకునే ఇళ్ళలో మాదీ ఒకటని ఒప్పుకోక తప్పదు.

తాబేళ్ళ విషయంలోనూ చట్టం చూపు వల దగ్గరే ఆగింది. శీతాకాలం చివర గుడ్లు పెట్టడానికి మన తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ట్రాలర్ల, అంటే పెద్ద వలను ఈడ్చుకుంటూ వెళ్ళే మర బోట్ల, వలల్లో చిక్కి ఊపిరాడక చనిపోయి ఒడ్డుకు కొట్టుకొస్తున్నాయి. మర బోట్లు తీరానికి ఎనిమిది కిలోమీటర్ల లోపల వేటాడరాదని 1994 నాటి రాష్ట్ర చట్టం చెబుతోంది. తాబేలు బయటపడేందుకు ట్రాలు వలలో దారి ఉంచాలన్న నిబంధన కూడా ఉంది. ఆ దారి సరిగా లేదన్న కారణంతోనే 2019 నుంచి అమెరికా మన దేశపు సముద్రపు రొయ్యను కొనడం లేదు. దగ్గరి నీళ్ళలో ట్రాలరు తిరిగితే తాబేలుతో పాటు నష్టపోయేది చిన్న పడవే. చిన్న పడవ ఖాళీగా వస్తే ఆ పూట గంప కూడా ఖాళీయే.

భృతి పట్టికలో చేపలమ్మే ఆడవారికి విడిగా ఒక వరుస చేర్చడం అంత కష్టమని నేను అనుకోను. రేవులో ఎవరు కొంటున్నారో పాట పాడించే ప్రతి ఒక్కరికీ ముఖపరిచయమే.

జూన్ 14 అర్ధరాత్రి దాటగానే బోట్లు కదులుతాయి. మొదటి రోజుల్లో సరుకు ఎక్కువగా పడి ధర తగ్గుతుంది కాబట్టి వీధుల్లో మనకు చేప చౌకగా దొరుకుతుంది. ఆ వారం గంప మోసిన డబ్బు మాత్రం ముందుగా చెరువు చేపల వ్యాపారి బాకీకి పోతుందని ఆవిడ చెప్పింది.