పుచ్చీని సంతకం: సిరానా, అచ్చా?

ఇటలీ ఒపెరా (పాటలతో సాగే నాటకం) స్వరకర్త పుచ్చీని 1924లో పోయాడు. కాబట్టి ఆయన సంతకమున్న ఫొటో అతినీలలోహిత టార్చి కింద నీలితెలుపుగా మెరిసిందంటే అది నకిలీయే, ఇక బేరం అక్కర్లేదు. ఆ మెరుపునిచ్చే రసాయనం ఫొటో కాగితాల్లోకి వచ్చింది 1950ల ప్రాంతంలోనే. మెరవనంత మాత్రాన అసలుదనీ కాదు, మోసగాడికి పాత కార్డులు దొరక్కపోవు.

తర్వాత 10 రెట్ల భూతద్దం. గీత చుక్కచుక్కలుగా విడిపోతే అచ్చు. అసలు సిరా అయితే గీతలు ఒకదాన్నొకటి దాటేచోట రంగు ముదురుతుంది. ఫొటోను ఏటవాలుగా పట్టి చూస్తే సిరా మెరుపు వేరు, కాగితం మెరుపు వేరు. సంతకం కింద ఆయన సంగీతంలోని రెండు బార్ల (స్వరలిపిలో తాళపు గళ్ల) స్వరం కూడా రాసి ఉంటే ధర ఎక్కడికో పోతుంది, నకిలీ చేసేవాడికీ అదే ఆశ.

కొన్నాక పీవీసీ కవర్లో మాత్రం పెట్టకండి. దాన్ని మెత్తబరిచేందుకు కలిపిన పదార్థం మెల్లగా ఊరి ఫొటోకు అంటుకుంటుంది. పాలిస్టర్ కవరు, ఎండ తగలని సొరుగు చాలు.