కెమిస్ట్రీ మాస్టారి ఫ్లోరైడ్ పాఠం

మన క్లాసుకు కెమిస్ట్రీ మాస్టారు చెప్పిన పాఠాల్లో ఇప్పటికీ నన్ను వదలనిది ఫ్లోరిన్ పాఠం. దాని కుటుంబంలోవే అయిన క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్ అయ్యాక "దీని లెక్క వేరు" అంటూ బోర్డు మొత్తం తుడిచి మళ్ళీ మొదలుపెట్టేవారు, గుర్తుందా?

హైడ్రోక్లోరిక్ ఆమ్లం నీళ్ళలో దాదాపు పూర్తిగా అయాన్లుగా, అంటే విద్యుదావేశమున్న కణాలుగా విడిపోతుంది. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో హైడ్రోజన్, ఫ్లోరిన్‌ల బంధం చాలా గట్టిది కాబట్టి అది కొద్దిగానే విడిపోతుంది, అందుకే పుస్తకంలో బలహీన ఆమ్లం అని రాస్తారు. మరి బలమైన ఆమ్లం గాజు సీసాలో హాయిగా ఉంటే, ఈ బలహీనమైనది అదే గాజును ఎలా తినేస్తుంది? ఇది అడిగి, జవాబు చెప్పకుండా మనల్నే ఆలోచించమనేవారు. అసలు సంగతి ఆమ్లత్వంలో కాదు, ఫ్లోరిన్‌కు సిలికాన్‌తో కుదిరే బంధంలో ఉంది. గాజులోని సిలికా నుంచి ఆక్సిజన్‌ను తప్పించి సిలికాన్‌ను పట్టుకుంటుంది. సిలికాన్ టెట్రాఫ్లోరైడ్ వాయువు, నీరు వస్తాయి, ఆమ్లం ఎక్కువుంటే ఆ సిలికాన్ హెక్సాఫ్లోరోసిలిసిక్ ఆమ్లంగా ద్రావణంలోనే ఉండిపోతుంది. అందుకే దీనికి పాలిథిన్, టెఫ్లాన్ సీసాలు. కంప్యూటర్ చిప్‌ల తయారీలో సిలికాన్ మీది ఆక్సైడ్ పొర తీయడానికి వాడేదీ ఈ చర్యనే.

ఆ ఆమ్లాన్ని మన చేతికి ఎప్పుడూ ఇవ్వలేదు, చాలా మంచి పని చేశారు. బదులుగా రక్తంలా ఎర్రగా ఉండే ఫెర్రిక్ థయోసయనేట్ అనే ఇనుము సమ్మేళనపు ద్రావణంలో సోడియం ఫ్లోరైడ్ వేసి చూపించారు. ఎరుపు వెలిసిపోయింది! ఇనుమును థయోసయనేట్ దగ్గర్నుంచి ఫ్లోరైడ్ (ఫ్లోరిన్ అయాన్) లాక్కుంది, అంతే, ఒక్క పేజీ నోట్సు చెప్పలేనిది అప్పుడు అర్థమైంది.

కాల్షియం దగ్గర ఇదే గుణం రెండు రకాలుగా పనిచేస్తుంది. పంటి పై పొర ఎనామెల్‌లో హైడ్రాక్సిల్ (ఆక్సిజన్, హైడ్రోజన్ జంట) స్థానంలో కొద్దిపాటి ఫ్లోరైడ్ చేరితే ఫ్లోరపటైట్ అనే ఖనిజం ఏర్పడి, నోట్లోని ఆమ్లాలకు తేలిగ్గా కరగదు. అదే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం చర్మం మీద పడితే, పలచనిదైతే మొదట నొప్పి కూడా తెలియకపోవచ్చు, కానీ లోపలికి దిగి కాల్షియాన్ని ఫ్లోరైడ్‌గా బంధించేస్తుంది, రక్తంలో కాల్షియం పడిపోయి గుండె లయే తప్పవచ్చు. నొప్పి లేదని ఊరుకోకూడదు: వెంటనే నీళ్ళతో కడగాలి, కాల్షియం గ్లూకోనేట్ జెల్ రాయాలి, ఆస్పత్రికి వెళ్ళాలి.

మనవాళ్ళలో ల్యాబుల్లో, ఫ్యాక్టరీల్లో ఈ ఆమ్లంతో పనిచేసేవాళ్ళు ఉంటే, ఆ జెల్ ఎక్కడుందో, దాని గడువు ఎప్పటివరకో ఈ వారమే ఒకసారి చూడండి.