అరవైలో నా వంతు ఎంత? ఆపరేటింగ్ పార్ట్‌నర్ పదవి దాకా నా అనుభవం

పదకొండు నెలలు సాగిన ఎంపిక ముగిసి, ఒక మధ్యస్థాయి ప్రైవేట్ ఈక్విటీ సంస్థలో ఆపరేటింగ్ పార్ట్‌నర్‌గా నేను ఒప్పందంపై సంతకం చేసి ఇంకా పది రోజులు కాలేదు. ఇలాంటి సంస్థ పెట్టుబడిదారుల డబ్బును ఒక ఫండ్‌గా పోగుచేసి, దానితో కంపెనీలను కొని, మెరుగుపరిచి అమ్ముతుంది; అలా కొన్న కంపెనీల నిర్వహణను చక్కదిద్దే అనుభవజ్ఞుడే ఆపరేటింగ్ పార్ట్‌నర్. ఇరవై ఏడేళ్ళ ఉద్యోగ జీవితంలో, అందులోనూ ఒక పెద్ద లిస్టెడ్ సంస్థలో తయారీ విభాగానికి అధిపతిగా ఉన్న చివరి అయిదేళ్ళలో, నేను కొన్ని వందల మందిని ఇంటర్వ్యూ చేసి ఉంటాను. నన్ను ఎవరైనా ప్రశ్నలు అడిగి పన్నెండేళ్ళు దాటిపోయింది. ఆ అలవాటు తప్పడం వల్ల ఎంత నష్టపోయానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మొదటి పిలుపు ఒక ఎగ్జిక్యూటివ్ సెర్చ్ సంస్థ, అంటే పై స్థాయి పదవులకు మనుషులను వెతికిపెట్టే సంస్థ, నుంచి వచ్చింది. ఫోన్ చేసిన కన్సల్టెంట్ ఫండ్ పేరు చెప్పకుండానే నన్ను ఆకాశానికి ఎత్తేశారు. 1989లో ఆర్‌జేఆర్ నబిస్కో అనే పొగాకు, ఆహార కంపెనీని కొన్న ప్రైవేట్ ఈక్విటీ సంస్థ కేకేఆర్ దానిని నడపడానికి లూ గెర్‌స్ట్‌నర్‌ను తెచ్చుకున్న సంగతి, జనరల్ ఎలక్ట్రిక్ అధిపతిగా తప్పుకున్న జాక్ వెల్చ్ 2001లో అలాంటి సంస్థే అయిన క్లేటన్ డ్యూబిలియర్ అండ్ రైస్‌లో చేరిన సంగతి చెప్పి, కంపెనీలు నడిపిన పెద్దలకు ఇదే తగిన రెండో ఇన్నింగ్స్ అన్నారు. నేను కూడా ఆ కోవలోని వాడినేనన్నట్టు విన్నాను. "ఇందులో పరీక్షలేమీ ఉండవు, మనసు విప్పి మాట్లాడుకోవడమే" అని ఆయన ఇచ్చిన భరోసా మీద నాకు ఈ రోజుకూ కోపం పోలేదు. ఇలాంటి సెర్చ్ సంస్థకు ఫీజు ఇచ్చేది ఫండ్. ఆ ఫీజు ఆనవాయితీగా ఎంపికైన వ్యక్తి మొదటి ఏడాది నగదు వేతనంలో దాదాపు మూడో వంతు ఉంటుంది. కాబట్టి ఆ కన్సల్టెంట్ ఎంత ఆప్యాయంగా పలకరించినా ఆయన మన మనిషి కాదు. నేను మాటల మధ్యలో చెప్పిన వేతనం అంకె మరునాటికే ఫండ్ వారి బల్లమీద ఉందని తర్వాత తెలిసింది.

ఆ తర్వాత నాలుగు నెలలు భాగస్వాములతో ఒకరి తర్వాత ఒకరితో ముచ్చట్లు నడిచాయి. వాటి గురించి చెప్పవలసినది ఏమీ లేదు. అనంతరం బయటి నిపుణుడు ఒకరు నాలుగు గంటలపాటు నా మొదటి ఉద్యోగం నుంచి నేటి వరకు వరుసగా ప్రతి కొలువు గురించి అవే ప్రశ్నలు వేశారు: ఏ పని కోసం తీసుకున్నారు, ఏం సాధించారు, ఎక్కడ దెబ్బతిన్నారు, ఎందుకు వదిలారు. ప్రతి కొలువు చివరా మీ పైఅధికారి పేరు అడిగి రాసుకుని, "మేము వారితో మాట్లాడినప్పుడు మీ గురించి ఏమంటారు?" అని అడిగేవారు. 'మాట్లాడితే' అనకుండా 'మాట్లాడినప్పుడు' అనడంలోనే కిటుకంతా ఉంది. ఆ ఒక్క మాట విన్నాక ఎవరికైనా అతిశయోక్తులు గొంతులోనే ఆగిపోతాయి. విసుగు పుట్టినా, ఆ రోజు గౌరవంగానే బయటపడ్డాను.

గౌరవం పోయింది ఆరో నెలలో. ఇద్దరు భాగస్వాములు, వారితో ముప్పై ఏళ్ళు కూడా నిండని ఒక అసోసియేట్, అంటే లెక్కలు విశ్లేషించే కింది స్థాయి ఉద్యోగిని, ఉన్న గదిలోకి నన్ను పిలిచారు. నేను నా విభాగం విజయాల మీద ఇరవై స్లైడ్లు సిద్ధం చేసుకుని వెళ్ళాను. రెండో స్లైడు దగ్గరే ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా ఆపి, వడ్డీ, పన్నులు, తరుగుదల లెక్కించక ముందున్న లాభం, అంటే వాళ్ళ భాషలో ఎబిట్‌డా, మీ హయాంలో ఎంత పెరిగిందని అడిగింది. అయిదేళ్ళ కిందట 100 అనుకుంటే ఇప్పుడు 160 అని గర్వంగానే చెప్పాను. ఆమె లేచి బోర్డు మీద 60 అని రాసింది. మా సంస్థ వార్షిక నివేదికల్లోని సెగ్మెంట్ (విభాగాల వారీ) లెక్కలను అయిదేళ్ళవీ ముందే చదువుకుని వచ్చిందని అప్పటికి నాకు తెలియదు.

ముడిసరుకు కొరత వచ్చిన ఏడాది పరిశ్రమలో అందరూ ధరలు పెంచారు, దాని వల్ల వచ్చినది 25 అని మొదటి గీత గీసింది. ప్రధాన కార్యాలయం కొని మా విభాగంలో కలిపిన చిన్న కంపెనీ తెచ్చిన లాభం 20 అని రెండో గీత. మారకపు రేటు కలిసి వచ్చినది 5. మిగిలిన 10 చుట్టూ సున్నా చుట్టి, "ఇందులో మీ చేతి మీదుగా జరిగినది ఎంత?" అని అడిగింది. నేను నీళ్ళు నమిలాను. అది మా జట్టంతా కలిసి చేసిన కృషి అని మొదలుపెట్టగానే, పెద్ద భాగస్వామి తలెత్తి, "మీ జట్టును మేము తీసుకోవడం లేదు కదా" అన్నారు. ఆ మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. ఆయన నిజంగానే ఒక సందేహం తీర్చుకుంటున్నారు, నాకు మరింత బాధ కలిగించింది కూడా అదే.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆ అయిదేళ్ళలో మీ విభాగం నగదు ఎంత తెచ్చిందని అసోసియేట్ అడిగింది. నగదు వ్యవహారం ప్రధాన కార్యాలయంలోని ట్రెజరీ చూసుకునేదని చెప్పాను. కొనుగోలుదారుల నుంచి డబ్బు ఎన్ని రోజులకు వచ్చేది? సుమారుగా చెప్పాను. గోదాములో సరుకు ఎన్ని రోజులకు సరిపడా ఉండేది? అదీ సుమారుగానే. అప్పుడు పెద్ద భాగస్వామి, "నెలాఖరున జీతాలకు డబ్బు చాలుతుందో లేదో అని మీరు నిద్రపోని రాత్రి ఒక్కటైనా ఉందా?" అని అడిగారు. లేదు. వేలమంది ఉద్యోగులకు అధిపతిగా ఉన్న నేను ఒక్క రాత్రి కూడా అలా భయపడలేదు, ఎందుకంటే ఆ భయం పడడానికి సంస్థ వేరే మనుషులను పెట్టుకుంది. లేదని చెప్పాక గదిలో ఎవరూ చాలాసేపు ఏమీ అనలేదు. మిగిలిన పద్దెనిమిది స్లైడ్లు తెరవకుండానే సమావేశం ముగిసింది. తల కొట్టేసినట్టయి బయటికి వచ్చాను.

రెండు రోజులు కోపంతోనే గడిపాను. ఒక్క షిఫ్టు కూడా నడిపి ఎరుగని పిల్ల నా అయిదేళ్ళను నాలుగు గీతల్లో కొట్టేసిందన్న ఉక్రోషం అది. మూడో రోజున, మా విభాగంలో ఒకప్పుడు ఫైనాన్స్ కంట్రోలర్‌గా పనిచేసి పదవీ విరమణ చేసిన పెద్దమనిషికి ఫోన్ చేసి జరిగినదంతా చెప్పాను. ఆయన నవ్వలేదు, జాలీ పడలేదు. "నిల్వలు పెరుగుతున్నాయని మీకు మూడుసార్లు చెప్పాను, మూడోసారి మీరు నన్ను అందరి ముందు కసిరారు" అని గుర్తు చేశారు. నాకు ఆ సంఘటన గుర్తే లేదు; ఆయన అయితే తేదీతో సహా చెప్పగలిగారు.

ఇద్దరం రెండు సాయంత్రాలు కూర్చుని, బహిరంగంగా ఉన్న నివేదికలే ముందు పెట్టుకుని లెక్క కట్టాం. పాత యజమాని అంతర్గత పత్రాలు ఒక్కటి కూడా బయటికి తేకూడదు. అలా తెచ్చి చూపించే అభ్యర్థి రేపు తమ పత్రాలను కూడా అలాగే మోసుకుపోతాడని ఏ ఫండ్ అయినా అనుకుంటుంది. తేలినదేమిటంటే, మిగిలిన ఆ 10లో 4 నా ముందున్న అధిపతి మొదలుపెట్టిన కొత్త ఉత్పత్తి లైను పూర్తి కావడం వల్ల వచ్చినది. 6 మాత్రం నాదే. నష్టాల్లో ఉన్న రెండు ఉత్పత్తులను ఆపించడం, రవాణా కాంట్రాక్టును తిరగరాయించడం, ఈ రెండు నిర్ణయాలూ నేను అందరినీ ఎదిరించి తీసుకున్నవి. అదే కాలంలో సరుకు నిల్వలు 60 రోజుల నుంచి 85 రోజులకు పెరిగి, వచ్చిన లాభంలో పెద్ద భాగాన్ని నగదుగా మారనివ్వకుండా మింగేశాయి. అది కూడా నా చేతి పనే.

వాళ్ళు నగదు గురించి అంతగా ఎందుకు గుచ్చి అడిగారో కూడా అప్పుడే కాగితం మీద అర్థమైంది. ఎబిట్‌డా 100 ఉన్న కంపెనీని పది రెట్లకు, అంటే 1000కి కొన్నారనుకోండి. అందులో 600 అప్పు, 400 సొంత పెట్టుబడి. అయిదేళ్ళలో ఎబిట్‌డా 130కి చేరి, అదే పది రెట్లకు 1300కి అమ్మి, అప్పును 300కి తగ్గించగలిగితే సొంత పెట్టుబడి 1000 అవుతుంది. రెండున్నర రెట్లు, ఏటా 20 శాతం రాబడి. పెరిగిన 600లో సగం లాభం పెరగడం వల్ల, మిగతా సగం అప్పు తీరడం వల్ల వచ్చింది. అప్పు తీరేది నగదుతోనే గాని నివేదికల్లోని లాభంతో కాదు. అదే ఫలితానికి అయిదేళ్ళ బదులు ఏడేళ్ళు పడితే రాబడి 14 శాతానికి జారిపోతుంది, అందుకే వాళ్ళకు ప్రతి నెలా విలువైనదే. ఈ చిన్న లెక్క ఏ అభ్యర్థికైనా గంటలో వంటబడుతుంది. ఇది తెలియకుండా ఆ గదిలోకి వెళ్ళడం నా తప్పే గాని, తెలుసుకుని వెళ్ళమని చెప్పకపోవడం ఆ కన్సల్టెంట్ తప్పు.

స్లైడ్లను పక్కన పడేసి, ఒకే పేజీలో 60ని వాళ్ళు విడగొట్టినట్టే విడగొట్టి, 6 నాదని, 25 రోజుల నిల్వల భారం కూడా నాదేనని రాసి పంపాను. తొమ్మిది రోజుల తర్వాత మళ్ళీ పిలిచారు. ఒక కంపెనీకి మొదటి వంద రోజుల ప్రణాళిక తయారు చేయమన్నారు, చేశాను. అది బాగానే కుదిరింది. బాగానే ఏమిటి, అసోసియేట్ నా షిఫ్టుల అమరికను తన నోట్సులోకి ఎత్తి రాసుకోవడం కళ్ళారా చూశాను.

తర్వాత రెఫరెన్సులు. నేను మూడు పేర్లు ఇచ్చాను, వాళ్ళు నేను ఇవ్వని తొమ్మిది మందితో మాట్లాడారు. అందులో ఒకరు నేను ఉద్యోగం నుంచి తీసేసిన మేనేజరు. ఆయన ఏమన్నారో చేరిన తర్వాత ఒక భాగస్వామి చెప్పారు: "నన్ను తీసేయడం సరైన నిర్ణయమే, ఆరు నెలలు ఆలస్యంగా తీసుకున్నారు." నేను పొగిడించుకోవడానికి ఇచ్చిన ముగ్గురి మాటలకన్నా ఈ ఒక్క వాక్యమే నాకు ఎక్కువ పనికొచ్చిందట.

ఇక షరతుల సంగతి. మొదట వచ్చిన ముసాయిదాలో నా హోదా ఆపరేటింగ్ పార్ట్‌నరే గాని, నాకు డబ్బు ఇచ్చేది ఫండ్‌ను నడిపే సంస్థ కాదు. నేను పనిచేసే పోర్ట్‌ఫోలియో కంపెనీలు, అంటే ఫండ్ కొన్న కంపెనీలు, కన్సల్టింగ్ ఫీజు రూపంలో చెల్లిస్తాయి, లాభంలో వాటా లేదు. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నట్టుంది. ఇది కొత్త ఏర్పాటు కాదు. అమెరికా పెట్టుబడి మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ తనిఖీ విభాగం అధిపతిగా ఉన్న ఆండ్రూ బౌడెన్ 2014 మే నెలలో చేసిన ప్రసంగంలోనే, వెబ్‌సైట్లలో జట్టు సభ్యులుగా కనిపించే చాలామంది ఆపరేటింగ్ పార్ట్‌నర్ల ఖర్చు నిజానికి ఫండ్ మీదో పోర్ట్‌ఫోలియో కంపెనీల మీదో పడుతోందని, పెట్టుబడిదారులకు ఆ సంగతి తరచుగా తెలియడం లేదని బహిరంగంగా చెప్పారు. కాబట్టి వేతనం ఎంత అన్న ప్రశ్నకన్నా ముందు అది ఎవరి జేబులోంచి వస్తుందని అడిగి, జవాబును రాతపూర్వకంగా తీసుకోండి. ఎగ్జిక్యూటివ్ ఇన్ రెసిడెన్స్, సీనియర్ అడ్వైజర్ వంటి హోదాలు ఇస్తామంటే ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువగా పడాలి. వాటిలో కొన్ని, కొనదగిన కంపెనీ దొరికేదాకా మనల్ని దాదాపు ఉచితంగా కూర్చోబెట్టే మర్యాదపూర్వకమైన పద్ధతులు మాత్రమే.

లాభంలో వాటా, అంటే క్యారీ, మీద రెండు వారాలు పట్టుబట్టాను. సాధారణంగా పెట్టుబడిదారులకు ఏటా 8 శాతం ముందు దక్కాక లాభంలో 20 శాతం సంస్థకు వస్తుంది, అందులోంచి మన వంతు. నేను చేరుతున్నది పదేళ్ళ ఫండ్‌లో నాలుగో ఏట. ఆ ఫండ్‌లో ఒక్కో కంపెనీకి విడిగా కాకుండా, ఫండ్ మొత్తం మీద లెక్క తేలాకే పంచుతారు. అంటే నేను రాకముందు ఎక్కువ ధర పెట్టి కొన్న కంపెనీల నష్టాన్ని కూడా నా వంతు మోయాలి. అందుకని తర్వాతి ఫండ్‌లో కూడా వాటా రాయించుకున్నాను. పాతికేళ్ళు సరఫరాదారులతో బేరాలాడిన అనుభవం అక్కడైనా అక్కరకు వచ్చిందని చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. మధ్యలో వెళ్ళిపోతే వాటా ఏమవుతుందన్న నిబంధనను మాత్రం న్యాయవాది చదివి వివరించేదాకా నేను తలకిందులుగా అర్థం చేసుకున్నాను.

నేను ఛైర్మన్‌గా వెళ్ళబోయే మొదటి కంపెనీలో నా సొంత డబ్బు కూడా పెట్టాలన్నది వాళ్ళ షరతు. ఈ నెలాఖరులోగా ఆ మొత్తం బదిలీ చేయాలి. దానికి ముందు ఆ కంపెనీ రాబోయే 13 వారాల నగదు అంచనాను, నిల్వల రోజుల లెక్కను నాకు పంపమని మొన్న అసోసియేట్‌ను అడిగాను. నిల్వల లెక్క గంటలో వచ్చింది. నగదు అంచనాను ఆ కంపెనీలో ఇంతవరకు ఎవరూ వేయలేదట.