గయుడు పేరు చెప్పకముందే అర్జునుడు అభయం ఇచ్చేశాడు

ఇవాళ టీవీలో ‘శ్రీకృష్ణార్జున యుద్ధం’ నడుస్తోంది. సరిగ్గా గంధర్వుడు గయుడు వచ్చి అర్జునుడి కాళ్ల మీద పడే చోట దొరికింది. ఇక లేవలేదు!

చూడండి, గయుడు ముందు అభయం అడుగుతాడు. మాట పుచ్చుకున్నాకే తనను చంపుతానన్నది కృష్ణుడని చెబుతాడు. ఈ వరుస తిప్పితే కథే లేదు. పేరు ముందే తెలిస్తే అర్జునుడు బావను ఒక మాట అడిగేవాడు, బావ నవ్వేసేవాడు.

అవతల కృష్ణుడిదీ అదే తొందర. ఆకాశంలో పోతున్న గయుడి ఉమ్మి తన దోసిట్లో పడగానే చంపుతానని శపథం. ఉమ్మినవాడు కావాలని చేశాడా అన్న విచారణ లేదు. ఇద్దరూ ఎదుటివాడి సంగతి తెలియకముందే మాట ఇచ్చేశారు. అందుకే ఇందులో దుర్మార్గుడు లేడు. పాపం, గయుణ్ణి అర్జునుడి దగ్గరికి పంపిన నారదుడిని కూడా పూర్తిగా తిట్టలేం.

అన్నకూ మొగుడికీ మధ్య సుభద్ర నలిగిపోవడం మరో గొడవ. దాని గురించి ఇంకోసారి.

అసలు రుచి యుద్ధంలో ఉంది. బాణాలకన్నా పద్యాలే గట్టిగా తగులుతాయి. నీకు నేనేం చేశానో, నువ్వు నాకేం చేశావో అంటూ పాత లెక్కలన్నీ బయటికొస్తాయి. ప్రాణస్నేహితులకే తెలిసిన లెక్కలవి, పగవాడికి ఎక్కడ తెలుస్తాయి?

ఇంకో సంగతి. 1963లో కె.వి.రెడ్డి తీసిన ఈ సినిమాలో కృష్ణుడు ఎన్టీఆర్, అర్జునుడు ఏఎన్నార్. పద్యాలు మాత్రం ఇద్దరికీ ఘంటసాలే. కళ్లు మూసుకుని వింటే ఒకే గొంతు తనతో తనే పోట్లాడుతున్నట్టు ఉంటుంది.