బొట్టు పెట్టుకుని చర్చికి

నేను క్రైస్తవురాలిని, మా ఆయన హిందువు. పెళ్లి కోసం ఎవరూ మతం మారక్కర్లేదని నా నమ్మకం. అందుకే 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద 30 రోజుల నోటీసిచ్చి రిజిస్టర్ పెళ్లి చేసుకున్నాం. నిజానికి 1872 క్రైస్తవ వివాహ చట్టానికి ఇద్దరిలో ఒకరు క్రైస్తవులైతే చాలు. కానీ మా పాత చర్చి సంఘం పెద్దలు ముందు అబ్బాయికి బాప్తిస్మం కావాలన్నారు. చట్టం ఒప్పుకుంటే సరిపోతుందా, పెద్దలు ఒప్పుకోవద్దూ!

పెళ్లయ్యాక నన్ను ప్రభువు బల్లకి, అంటే చర్చిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆచారానికి, రావద్దన్నారు. 'అవిశ్వాసులతో జోడుగా ఉండకుడి' అన్న బైబిల్ వాక్యం ఎన్నిసార్లు వినిపించారో. ఆ మాట రాసిన పౌలే, బైబిల్లోని మొదటి కొరింథీ పత్రిక 7వ అధ్యాయంలో, అవిశ్వాసి అయిన భర్త కాపురానికి ఇష్టపడితే విడిచిపెట్టొద్దన్నాడు. అది మాత్రం ఎవరికీ గుర్తు రాదు.

ఇప్పుడు వెళ్తున్నది రేకుల షెడ్డులో నడిచే చిన్న చర్చి. మొదటి ఆదివారం ఒకటే టెన్షన్. మా ఆయన నుదుట కుంకుమ చూసి కూడా పాస్టర్ అయ్యగారు, "వందనాలు బాబూ, ఇటు ఫ్యాను కింద కూర్చో" అన్నారు, అంతే. నేను బల్లకి లేస్తే, మా ఆయన పాపని ఒళ్లో పెట్టుకుని చాప మీదే ఉండిపోయారు. ఎవరూ వింతగా చూడలేదు.

పాస్టర్ భార్య అమ్మగారు మాత్రం మా ఆయన రక్షణ కోసం, అంటే ఆయన కూడా యేసుని నమ్ముకోవాలని, ప్రార్థన చేస్తున్నామని నా చెవిలో చెప్పారు. చేసుకోనీ, పోయేదేముంది! వచ్చే ప్రేమవిందుకి, అదే చర్చిలో అందరూ కలిసి తినే భోజనానికి, పులిహోర కలిపేది మా ఆయనే.