మంగళవారం, ముసురు: ఖుత్బాలో లేని పేరు

పొద్దుట్నుంచీ ముసురే. బల్ల మీద సిరియా కాగితాలు పరిచి ఉన్నాయి. 1099 నుంచి 1260 దాకా ఖాజీలూ, హదీసు (ప్రవక్త మాటల) పండితులూ క్రూసేడ్ల గురించి, అంటే జెరూసలేం కోసం యూరప్ క్రైస్తవులు చేసిన దండయాత్రల గురించి అన్నవీ రాసినవీ. ఈ రోజుకి ఒక్క ప్రశ్నే: వీళ్ళు తిట్టింది ఎవర్ని? దండెత్తి వచ్చిన పరంగివాళ్ళనే అనుకుంటాం. (వీళ్ళు రాసే ‘ఇఫ్రంజ్’ మాటే ఊళ్ళు తిరిగి తిరిగి మన దగ్గర పరంగి అయింది, ఫిరంగి కూడా అయింది.) చదువుతూ పోతే తిట్లలో ఎక్కువ వాటా సొంత సుల్తానులదే.

ముందు తారీఖుల పని. హిజ్రీ (ముస్లిం పంచాంగం) ఏడాదిని 0.97తో గుణించి 622 కలిపితే మన ఏడాది వస్తుంది. 492కి 1099 సరిగ్గా కుదురుతుంది. 499కి 1106 వస్తుంది, తప్పు పడేది అక్కడే. ఆ ఏడాది 1105 సెప్టెంబరులో మొదలైంది. నెల చూడకుండా ఏడాది వేసేస్తే 1105లో జరిగిన ప్రసంగం 1106లో పడుతుంది.

అంకెలతో ఇంకో చిక్కుంది. 1099 జులై 15న జెరూసలేం పడినప్పుడు అక్సా మసీదులో చనిపోయినవాళ్ళు 70,000 పైమాటే అని చరిత్రకారుడు ఇబ్నుల్ అసీర్ రాశాడు. ఆయన పుట్టిందే 1160లో. ఆ దాడికి కొన్నేళ్ళ ముందు జెరూసలేంలో చదువుకున్న సెవిల్ పండితుడు అబూ బక్ర్ ఇబ్నుల్ అరబీ చెప్పింది 3,000. ఘోరం ఘోరమే, కానీ నోట్సులో 70,000 పక్కన ఎవరు ఎప్పుడు రాశారో వేయకపోతే ఆ అంకె నిజమై కూచుంటుంది.

జెరూసలేం పడ్డాక డమాస్కస్ ఖాజీ అల్-హరవీ బాగ్దాదు వెళ్ళి ఖలీఫా కొలువులో ఏడ్చాడు, ఏడిపించాడు. అప్పటి తుర్కు సుల్తానులు, సెల్జూక్ అన్నదమ్ములు, ఒకరితో ఒకరు కొట్టుకుంటున్నారు, ఫలితం సున్నా. 1111లో అలెప్పో నుంచి వెళ్ళినవాళ్ళు ఏడుపుతో సరిపెట్టలేదు. శుక్రవారం నమాజు వేళ సుల్తాను మసీదులో ఉపన్యాసకుణ్ణి దింపేసి మింబరు (ఉపన్యాస వేదిక) విరగ్గొట్టారు. మరుసటి శుక్రవారం ఖలీఫా మసీదుకీ అదే గతి పట్టింది. కోపం ఎవరి గుమ్మంలో పడిందో చూడండి.

అసలు సరుకు అలీ ఇబ్న్ తాహిర్ అల్-సులమీది. డమాస్కస్‌లో వ్యాకరణం, న్యాయశాస్త్రం చెప్పే మనిషి. 1105లో తన జిహాద్ పుస్తకాన్ని జనం ముందు చదివి వినిపించాడు, మరుసటి ఏడే పోయాడు. అందులో కొన్ని భాగాలే మనకు మిగిలాయి. సిసిలీ, అందలూసియా (ముస్లిం స్పెయిన్), సిరియా మీద పరంగుల దాడులు మూడూ ఒకే కదలిక అని అంత తొందరగా పట్టుకున్నవాళ్ళు అరుదు. ఆయన వాదన షాఫియీ (ఒక ఇస్లామిక్ న్యాయ సంప్రదాయం) లెక్కల్లో నడుస్తుంది. పాలకుడు ఏడాదికి ఒక్కసారైనా దండయాత్ర చేయాలి. ఖలీఫాలు అది మానేశారు కాబట్టే శత్రువు ఇంట్లోకి వచ్చాడు. యుద్ధం మామూలుగా ఫర్జ్ కిఫాయా, అంటే కొందరు చేస్తే మిగతావాళ్ళకి బాధ్యత తీరుతుంది. శత్రువు దాడి చేసిన ఊరివాళ్ళు చాలకపోతే బాధ్యత పక్క ఊరికి పాకుతుంది, వాళ్ళూ చాలకపోతే ఆ పక్క ఊరికి. చెరువులో రాయి వేస్తే అలలు పాకినట్టు. అయితే వీటన్నిటికంటే ముందు ఎవరి మనసు వాళ్ళు సరిచేసుకోవాలి, ఆ పోరు గెలవనివాడు ఈ పోరూ గెలవడు అంటాడు. సుల్తానుకి వేసిన చురకే అది.

విన్నదెవరు? ఇక్కడ ‘సమా’ రాతలు పనికొస్తాయి. పుస్తకం చదివి వినిపించాక ప్రతి మీదే హాజరు పట్టీ రాసేవాళ్ళు. గురువు, చదివినవాడు, విన్నవాళ్ళు, పేర్లు రాసినవాడు, చోటు, తారీఖు, అన్నీ ఉంటాయి. ఆలస్యంగా వచ్చినవాడి పేరు పక్కన ఏ భాగం పోగొట్టుకున్నాడో కూడా. అయిదేళ్ళు నిండని పిల్లాడైతే ‘విన్నాడు’ అనరు, ‘హాజరయ్యాడు’ అనే రాస్తారు. అల్-సులమీ ప్రతి మీద పేర్లు కొద్ది, అమీర్లు (సేనానులు) కనబడరు. తర్వాత సిరియా పాలకుడు నూరుద్దీన్ అడిగి డమాస్కస్ హదీసు పండితుడు ఇబ్న్ అసాకిర్ చేత జిహాద్ మీద నలభై హదీసులు కూర్పించాడు. మాటలు కొత్తవేం కావు, అడిగినవాడు పాలకుడు కావడమే తేడా.

పండితులంతా ఒక్క గొంతుక కాదు. పేరుమోసిన పండితుడు గజాలీ జెరూసలేం పతనానికి కొన్నేళ్ళ ముందే డమాస్కస్‌లో, జెరూసలేంలో ఉన్నాడు, 1111 దాకా బతికాడు, అయినా రచనల్లో దాని ఊసు లేదు. అలెప్పో ఖాజీ ఇబ్నుల్ ఖష్షాబ్ 1119లో ఈటె పట్టి సైన్యం మధ్య గుర్రం ఎక్కితే, తలపాగావాడి వెనకాల నడవడానికా వచ్చామని ఒక సైనికుడు సణిగాడు. అదే ఖాజీ 1124 ముట్టడిలో పరంగులు సమాధుల్ని పాడుచేసినందుకు బదులుగా ఊళ్ళో చర్చీల్ని మసీదులు చేయించాడు. ఆ చర్చీలు సమాధులు తవ్వినవాళ్ళవి కావు, సొంత ఊరి క్రైస్తవులవి. మెచ్చుకునేవాళ్ళు ఈ ముక్క దాటేస్తారు.

1184లో తిబ్నీన్ నుంచి అక్కా (ఏకర్ రేవు) వెళ్ళే దారిలో అందలూసియా యాత్రికుడు ఇబ్న్ జుబైర్ రాసుకున్నది మరీ ఇబ్బందికరం. పరంగుల ఏలుబడిలో ముస్లిం రైతు కట్టేది పంటలో సగం, తలకి ఒక దీనారు అయిదు కీరాతులు (24 కీరాతులు ఒక దీనారు), పళ్ళచెట్ల మీద చిన్న పన్ను. ఇళ్ళు వాళ్ళవే. సొంత మతపు భూస్వాముల కింద ఉన్నవాళ్ళ బతుకు ఇంతకంటే హీనమని ఆయనే బాధపడ్డాడు.

ఇక డమాస్కస్ పెద్దమసీదు ఉపన్యాసకుడు, షాఫియీ పండితుడు ఇజ్జుద్దీన్ ఇబ్న్ అబ్దుస్సలామ్. 1240లో డమాస్కస్ సుల్తాను సాలిహ్ ఇస్మాయిల్ ఈజిప్టులోని బంధువుకు ఎదురుగా పరంగుల సాయం కోరి, సఫద్, షకీఫ్ కోటలు ఇచ్చి, నగరంలో ఆయుధాలు కొనుక్కోనిచ్చాడు. ఆయుధాల వర్తకులు ఈయన్నే వచ్చి అడిగారు: అమ్మొచ్చా? కూడదన్నాడు, ఎందుకు కొంటున్నారో మీకు తెలుసు కదా అని. షాఫియీ పుస్తకాల్లో ద్రాక్ష బేరం గురించిన సూత్రమే ఇది. కొనేవాడు సారా కాస్తాడని తెలిసి అమ్మితే నిషిద్ధం, ఉత్త అనుమానమే అయితే అయిష్టం. తర్వాత శుక్రవారం ఖుత్బా (మసీదు ఉపన్యాసం) చివర్లో సుల్తాను కోసం చేసే దువాను (ప్రార్థనను) వదిలేశాడు. పేరు పలకలేదు, అంతే. ఖుత్బాలో పేరూ, నాణెం మీద పేరూ ఉన్నంతవరకే పాలకుడు కాబట్టి ఆ మౌనం రాజద్రోహంతో సమానం. ఉద్యోగం పోయింది, జైలు వచ్చింది, ఆపైన కైరో దారి.

కైరోలో 1259-60 నాటి మాట. మంగోలులు వస్తున్నారు, యుద్ధానికి కొత్త పన్ను వేయాలని ఈజిప్టు పాలకుడు ఖుతుజ్ ఫత్వా అడిగాడు. ముసలాయన ఒక షరతు పెట్టాడు: ముందు అమీర్లు బంగారు మొలపట్టీలు, నగలు ఇచ్చేయాలి, ఒక్కొక్కరి దగ్గరా గుర్రమూ ఆయుధమే మిగలాలి. అప్పటికీ చాలకపోతేనే జనం దగ్గరికి వెళ్ళాలి.