పద్నాలుగు గంటల లెక్క

మంగళవారం రాత్రి. టూకుమ్‌కేరి, న్యూ మెక్సికో.

పొద్దున ఆరింటికి డాలస్‌లో ట్రక్కు టైర్లు, లైట్లు చూసుకుని, డ్రైవర్ గంటల లెక్క రాసుకునే డబ్బా ఈఎల్‌డీలో ఆన్ డ్యూటీ నొక్కాను. అక్కడి నుంచి 14 గంటల్లో ఆ రోజు నడపడం ముగించాలి, అందులోనూ స్టీరింగ్ మీద 11 గంటలే. ఏడింటికి గోడౌన్‌లో బండి డాక్‌కి పెడితే సరుకు ఎక్కేసరికి పదిన్నరయింది. సీలు కోసమోసారి, కాగితాల కోసమోసారి పిలుస్తూనే ఉన్నారు. ఇక వెనక బెర్త్‌లో పడుకునేదెక్కడ? నాకిచ్చేది మైలు లెక్కన. ఆ మూడున్నర గంటలకీ ఒక్క మైలూ లేదు, గడియారం మాత్రం ఆగలేదు.

నాకు పని నేర్పిన పంజాబీ పెద్దాయన గంటలు చేత్తో రాసే కాగితం లాగ్‌బుక్కుని కామిక్ బుక్ అనేవాడు. డాక్‌లో పోయిన టైమంతా రాత్రికి పెన్నుతో నిద్ర అయిపోయేదట. 2017 డిసెంబర్‌లో ఈ డబ్బా తప్పనిసరి చేస్తే, 2000కి ముందు ఇంజన్లకి మినహాయింపు ఉందని తెలిసి పాత ట్రక్కు కోసం ఊళ్లన్నీ తిరిగాడు పాపం. ఇప్పుడు గంటకు ఐదు మైళ్లు దాటిందంటే అదే డ్రైవింగ్ అని రాసేసుకుంటుంది. ఇక కథలు అల్లేదేముంది.

అమరిల్లోలో అరగంట ఆగి పెరుగన్నం, ఆవకాయ తిన్నాను. ఐదుంబావుకి బయల్దేరి న్యూ మెక్సికో సరిహద్దు దాటగానే ఫోన్‌లో టైము గంట వెనక్కి వెళ్లింది. ఎన్నిసార్లు వచ్చినా ఇక్కడ ఒక్క క్షణం ఆశ పుడుతుంది. ఈఎల్‌డీ మాత్రం డాలస్ టైము వదలదు.

టూకుమ్‌కేరి చేరేసరికి ఇంకా 55 నిమిషాలున్నాయి. శాంటా రోసా అరవై మైళ్లే కదా, లాగించెయ్యమన్నాడు ఆఫీసు నుంచి లోడ్లు పురమాయించే డిస్పాచర్. అక్కడ పార్కింగ్ నిండిపోయి ఉంటే వెతకడానికి టైమేది? స్క్రీన్ ఫొటో తీసి పంపాను. మారు మాట్లాడలేదు. కాగితం రోజుల్లోనైతే 'ఏదో ఒకటి సర్దుకో' అనేవాడు. డబ్బా మీద నాకున్న ప్రేమంతా ఈ ఒక్కందుకే. అయినా నా బండికి తగిలించిన గడియారం ఆ డాక్‌కి ఎందుకు తగిలించరో!

అప్పుడే లేచినట్టున్నారు, నాన్న ఫోన్ చేశారు. విజయవాడ నుంచి కలకత్తాకి లోడు తోలిన మనిషి. "టైముండగానే ఆపేశావా? క్లీనర్ని పెట్టుకోరాదురా," అని నవ్వారు. మన దగ్గరా రోజుకి 8 గంటలేనని 1961లోనే చట్టం చేశారు నాన్నా అంటే, "ఎవడికి?" అన్నారు.

ఇక విశ్రాంతి గంటలు పూర్తి కావాలి, డాలస్ టైములో పొద్దున ఐదు దాటేదాకా బండి కదలదు. నేనొచ్చినప్పుడు ఈ పార్కింగ్ లాట్‌లో రెండే ఖాళీలు. ఇప్పుడు తొమ్మిదయింది. ఎర్ర ట్రక్కు ఒకటి నా ముందు నుంచి మూడోసారి మెల్లగా వెళ్తోంది. చోటు లేదని చెయ్యి ఊపాను. అతను తలూపి, పక్కనున్న స్క్రీన్ వైపు చూసుకున్నాడు.